పైపు వంచే ముందు నేల చూసుకోవాలి

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పూణేలో దిగేసరికి వీధివీధినా గుడులు కట్టి ఉన్నాయి. ఇక్కడివాళ్ళకు గుడిపడ్వా, మనకు ఉగాది. వాళ్ళూ వేపాకు నములుతారు, మనమూ వేపపువ్వు తింటాం. ఈ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆ ఒక్క పూట ఇంటి బెంగ తెలిసేది కాదు. ఖడ్కీలో ఆర్మీ బేస్ వర్క్‌షాప్‌లో నేను గడిపిన ఆరేళ్ళలో ఐదు ఉగాదులు మన సంఘం పచ్చడితోనే గడిచాయి. ఆరోది సెంట్రీ డ్యూటీలో పోయింది.

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఏదైనా మాట్లాడాలి సార్, పెన్షన్ గురించి గానీ, ఇ.సి.హెచ్.ఎస్. గురించి గానీ" అన్నారు. పెన్షన్ గురించి నాకంటే ఇక్కడ కూర్చున్న క్లర్కు సోదరులకు బాగా తెలుసు. నాకు తెలిసింది ఇనుము. నేను ఇ.ఎం.ఇ.లో ఫిట్టర్‌ని. 1987లో చేరాను, 2011లో హవల్దారుగా బయటికొచ్చాను. అందుకని ఇంట్లో పైపు వంచే మెషిన్ బిగించుకున్న సంగతి చెబుతానన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత "సరే సార్, పావుగంట" అన్నారు. పావుగంటలో అవదు, ముందే చెబుతున్నాను.

ఇది పైపుతో మొదలవలేదు, ఒక మనిషితో మొదలైంది. ఈ వర్క్‌షాప్‌లో నాకు పని నేర్పిన ఉస్తాద్ మన తెలుగాయనే. ఇక్కడున్న పాతవాళ్ళకు ఆయన తెలుసు. పేరు చెప్పొద్దని ఆయన షరతు. సుబేదారుగా రిటైరై సికింద్రాబాద్ యాప్రాల్‌లో ఇల్లు కట్టుకున్నారు. 2012లో నేనూ ఆయన వీధికి రెండు వీధుల అవతల స్థలం తీసుకుని చిన్న ఇల్లు వేసుకున్నాను. 2022 చలికాలంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. నాలుగు నెలల్లో కాలు కాస్త స్వాధీనంలోకి వచ్చింది గానీ చెయ్యి రాలేదు. కుడిచెయ్యి గోడకు ఆన్చి, గది నుంచి బాత్‌రూముకు ఒక్కరే వెళ్తానని పట్టు. ఒకరు పట్టుకుంటే ఒప్పుకోరు. సుబేదార్ సాబ్ కదా!

వాళ్ళబ్బాయి స్టీలు రెయిలింగు వేయించాడు. మెరిసే పైపు, మంచిదే. కానీ ఆ దారిలో రెండు మలుపులున్నాయి. మూల దగ్గర ఒక పైపు ఆగిపోతుంది, జానెడు ఎడం తర్వాత ఇంకో పైపు మొదలవుతుంది. మనకది లెక్కలోకి రాదు, ఒక చెయ్యి వదిలేలోపు ఇంకో చెయ్యి పట్టుకుంటుంది. ఉన్నదే ఒక్క చెయ్యి అయినప్పుడు, ఆ జానెడు మేర మనిషి దేన్నీ పట్టుకోకుండా నిలబడాలి. ఆయన రెండుసార్లు పడ్డారు, రెండుసార్లూ మూల దగ్గరే. రెండోసారి వదినగారు ఫోన్ చేసి, "ఏం బాబూ, మీ ఇద్దరూ కలిసి ఫ్యాక్టరీలు నడిపారు, ఈ మూల సంగతేదో చూడలేవా?" అన్నారు.

చూడగలను. మూల దగ్గర ఆగకుండా, చేతిని నడిపిస్తూ వంపు తిరిగే ఒకే రెయిలు కావాలి. అతుకులేసి వెల్డింగు చేస్తే మూల పదునుగా ఉంటుంది, చెయ్యి తట్టుకుంటుంది. వంచిన పైపే కావాలి.

వంచటంలో రకాలున్నాయి. బజారులో ఎక్కువగా దొరికేది హైడ్రాలిక్ బెండరు. రెండు రోలర్ల మధ్య పైపు పెట్టి, వెనకనుంచి జాకీతో ఫార్మాను నెడతాం. అది నీళ్ళ పైపులకు పుట్టిన యంత్రం. నీళ్ళ పైపు కొలత వేరు, ట్యూబు కొలత వేరు, తమ్ముళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. అంగుళం జి.ఐ. పైపు అంటే బయటి వ్యాసం అంగుళం కాదు, 33.7 మిల్లీమీటర్లు. ముప్పావు పైపుది 26.9. ట్యూబు అలా కాదు, 32 అంటే బయట కొలిస్తే సరిగ్గా 32. అంగుళం పైపు ఫార్మాలో 32 ట్యూబు వదులుగా కూర్చుంటుంది, వంచితే పొట్ట లోపలికి పోయి చపాతీ అవుతుంది. పైగా నీళ్ళ పైపు గోడ మందం. పసుపు పట్టీ ఉంటే పల్చన, నీలం పట్టీ మధ్యరకం, ఎరుపు పట్టీ మందం. ఫర్నిచర్ ట్యూబు పదహారు గేజి, పద్నాలుగు గేజి, అంటే 1.6, 2 మిల్లీమీటర్లు. అందుకని నాకు కావలసింది చేతి బెండరు. మధ్యలో కదలని ఫార్మా, దాని చుట్టూ లివరుతో తిరిగే రోలరు, పైపు కొసను పట్టుకునే కొక్కెం. రాణిగంజ్‌లో పాతది దొరికింది. 32 ట్యూబుకు ఫార్మా చేయించుకున్నాను. వంపు వ్యాసార్థం 100 మిల్లీమీటర్లు. ట్యూబు వ్యాసానికి మూడింతలైనా ఉంటే పైపు నలగదని మనవాళ్ళ పాత లెక్క.

ఇంతవరకు అన్నీ బాగా చేశాను. ఇక తప్పు చేసిన భాగానికి వద్దాం.

మా ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. అందులో వైసు, గ్రైండరు, వెల్డింగు సెట్టు, మా ఆవిడ ఆవకాయ జాడీలు, స్కూటరు. నేల తాండూరు బండలు. నాలుగంగుళాల పైపుతో స్టాండు చేశాను, కింద ఎనిమిదంగుళాల చదరపు ప్లేటు. బండకు నాలుగు బెజ్జాలు వేసి, 12 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులు కొట్టి, స్టాండు బిగించాను. స్పానరు తిప్పుతుంటే బిగుతు చేతికి తగిలింది. కాలితో తన్ని చూశాను, కదల్లేదు. ఇరవై నాలుగేళ్ళ సర్వీసున్న ఫిట్టరు తన్ని చూసి సరే అన్నాడు. ఇక దానికి తిరుగేముంది?

ఒక్క మాట. ఇక్కడి వర్క్‌షాప్‌లో నేను ఎన్నో మెషిన్ల మీద పనిచేశాను. ఏ ఒక్కదాని కింద ఏముందో చూసిన పాపాన పోలేదు. నేను చేరేనాటికే అవన్నీ పునాదుల్లో పాతుకుని ఉన్నాయి. మెషిన్ మాది, పునాది ఎం.ఇ.ఎస్. వాళ్ళది. లాగితే మెషిన్ కదలదు అనేది మాకు సూర్యుడు తూర్పున పొడుస్తాడన్నంత సహజం. ఫీల్డులోకి వెళ్తే వైసు శక్తిమాన్ తోక దగ్గర బిగించి ఉండేది, టన్నుల బండి దాన్ని పట్టుకుని ఉండేది. పట్టుకునే పని ఎప్పుడూ వేరే ఎవరో చేసిపెట్టారు. మొదటిసారి అది నా వంతుకు వచ్చింది, వచ్చిందని నాకు తెలియలేదు.

2023 మే నెల. మా చెల్లెలి కొడుకు మా ఇంట్లోనే ఉండేవాడు. మాది గిద్దలూరు వైపు. ఆ పక్క ఊళ్ళ సంగతి మీకు తెలిసిందే, ఇంటికొక ఫౌజీ. వాడికి పందొమ్మిది. అగ్నివీర్ రాతపరీక్ష పాసై, ర్యాలీకి తయారవుతున్నాడు. తెల్లవారుజామున పరుగు, సాయంత్రం మా వేపచెట్టు కొమ్మకు కట్టిన కడ్డీ మీద పుల్-అప్‌లు. పుల్లలాంటి మనిషి, పట్టుదల మాత్రం ఇనుము.

మొదటి వంపు నేనే లాగాను. లివరు పొడవు 1.2 మీటర్లు. బాగా బరువొచ్చింది, ఒళ్ళంతా పెట్టి లాగాల్సి వచ్చింది. సగం వంపులో ఎక్కడో 'టిక్' మని చిన్న చప్పుడైంది. పైపు సర్దుకుందిలే అనుకున్నాను. వంపు అందంగా వచ్చింది. రెండో వంపుకు మావాడు, "నేను లాగుతా మామయ్యా" అన్నాడు. బరువు చాలదని లివరుకు ఒక పైపు తొడిగాడు, అది 1.8 మీటర్లయింది. నేను ట్యూబు రెండో కొస పట్టుకున్నాను. వాడు లాగుతూ వెనక్కి నడుస్తున్నాడు. అరవై డిగ్రీలు దాటిందో లేదో, నేల లేచింది.

నేను చెబుతున్నది పోలిక కాదండి. నిజంగానే బండ లేచింది. రెండడుగుల బండ బోల్టులతో సహా ఒక అంచు పైకొచ్చి, స్టాండు వాడి వైపుకు ఒరిగింది. వాడు వెనక్కి పడి ఎడమచెయ్యి ఆన్చాడు. స్టాండు తల వాడి పక్కనున్న రంగు డబ్బా మీద పడింది. డబ్బా ఎలా అణిగిపోయిందో ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. మనిషి తలకూ ఆ డబ్బాకూ మధ్య జానెడు దూరం.

మణికట్టు విరిగింది. ఆస్పత్రిలో పిండికట్టు వేసి, ఆరు వారాలన్నారు. ర్యాలీ ఆ ఆరు వారాల్లోపే వచ్చింది.

అసలు చెప్పాలనుకున్నది ఇదీ. ఆస్పత్రి వరండాలో నిలబడి గిద్దలూరుకు ఫోన్ చేశాను. చెల్లెలితో ఏమన్నానో తెలుసా? "వాడు లివరుకు పైపు తొడిగి జోరుగా లాగాడమ్మా, స్టాండు పీక్కొచ్చింది" అన్నాను. అబద్ధం చెప్పాలని కాదు. నేను నమ్మిందే చెప్పాను. వర్క్‌షాప్‌లో మాకు మొదటిరోజు నేర్పేది అదే కదా, స్పానరుకు పైపు తొడగొద్దు, లివరు పొడిగించొద్దు అని. రూలు తప్పింది వాడు, దెబ్బ తగిలింది వాడికి. లెక్క సరిపోయింది.

చెల్లెలు ఒక్క మాటా అనలేదు. "భోజనం పెట్టావా వాడికి?" అని అడిగింది.

నాలుగైదు రోజుల తర్వాత రాత్రి, కరెంటు పోయి డాబా మీద కూర్చున్నాం. మావాడు కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "మామయ్యా, ఒకటి అడగనా? లివరు పొడుగైతే స్టాండు మీద పడే బలం పెరుగుతుందా, తగ్గుతుందా?" అన్నాడు. పెరుగుతుంది అనబోయాను. నోటిదాకా వచ్చిన మాట ఆగిపోయింది. కరెంటు వచ్చాక కాగితం తీశాను.

ఆ లెక్క మీకూ చెబుతాను, కష్టమేం కాదు. ట్యూబు బయటి వ్యాసం 32. గోడ 2, కాబట్టి లోపలి వ్యాసం 28. రెండింటికీ ఘనం కట్టండి. 32768లోంచి 21952 తీసేస్తే 10816. దాన్ని ఆరుతో భాగిస్తే సుమారు 1800. మెత్తటి ఉక్కు చదరపు మిల్లీమీటరుకు ఇంచుమించు 25 కిలోల దగ్గర లొంగుతుంది. హెచ్చిస్తే 45,000 కిలో-మిల్లీమీటర్లు, అంటే 45 కిలో-మీటర్లు. ఇక్కడ కిలో-మీటరంటే దూరం కాదు, మీటరు పొడవు చేయికి కొసన కిలో బరువు వేస్తే వచ్చే తిప్పుడు బలం. రోలరు రాపిడి, వంగేకొద్దీ ఉక్కు గట్టిపడటం, వీటికి ఇంకో సగం కలపండి. 67 అనుకుందాం.

గమనించండి. ఈ 67లో లాగే మనిషి లేడు. లివరు లేదు. ఆ ట్యూబు వంగాలంటే అంత కావాలి, అంతే. పహిల్వాను లాగినా, పందొమ్మిదేళ్ళ పుల్ల లాగినా ట్యూబు అడిగేది అంతే. 1.2 మీటర్ల లివరుతో నేను లాగినప్పుడు నా చేతి దగ్గర 55 కిలోలు. 1.8 మీటర్లతో వాడు లాగినప్పుడు 37 కిలోలు. ఆ బలం నేలకు 90 సెంటీమీటర్ల ఎత్తున స్టాండును పక్కకు గుంజుతుంది. ఒరిగించే బలం నాతో 50, వాడితో 33. స్టాండును మెలితిప్పే బలం ఇద్దరితోనూ ఒకటే. అంటే పైపు తొడిగి వాడు నా స్టాండు మీది భారం తగ్గించాడే గానీ పెంచలేదు.

మరి బోల్టుల మీద ఎంత పడింది? నా ప్లేటు మీద బోల్టుల మధ్య దూరం 16 సెంటీమీటర్లు. 50ని 0.16తో భాగిస్తే 310 కిలోలు. నేను మొదటి వంపు లాగినప్పుడు వెనకవైపు రెండు బోల్టులూ కలిసి బండను 310 కిలోల బలంతో పైకి గుంజాయి. బండ రెండడుగుల చదరం, అంగుళం మందం, బరువు పాతిక కిలోలు. దాని కింద ఏముంది? పల్చటి సున్నం, సిమెంటు, దాని కింద ఇసుక. యాంకర్ బోల్టు తాను పట్టుకున్న బండను బాగానే పట్టుకుంది, నా బిగుతు అబద్ధం కాదు. ఆ బండను పట్టుకున్నవాడే లేడు. ఆ 'టిక్' నా వంపులోనే వినిపించింది. కింద సిమెంటు విడిపోయిన చప్పుడది. వాడు లాగేసరికి మిగిలింది ఊడటమే.

లివరు పొడిగించటం మంచిదని నేను చెప్పటం లేదు, ఉస్తాద్‌లు కోప్పడకండి. బరువు చేతికి తెలియదు, తొడిగిన పైపు జారితే మనిషి వెల్లకిలా పడతాడు, లివరు మొదట్లో విరగొచ్చు. కానీ ఆ రోజు జరిగింది దానివల్ల కాదు.

పొద్దున్నే చెల్లెలికి ఫోన్ చేశాను. "అమ్మా, తప్పు వాడిది కాదు, నాది. స్టాండు నేను సరిగ్గా నిలబెట్టలేదు" అన్నాను. "తెలుసులే అన్నయ్యా" అంది. ఎలా తెలుసని అడిగే ధైర్యం లేకపోయింది.

ఇక బిగింపు. షెడ్డు మధ్యలో రెండు బండలు తీయించి, 60 సెంటీమీటర్ల చదరం, 45 లోతు గుంత తవ్వించాను. చదరమే తవ్వండి. గుండ్రంగా తవ్వితే మెలితిప్పుడుకు అది రోట్లో పొత్రంలా తిరుగుతుంది. మూలలుంటే మట్టి పట్టుకుంటుంది. కాంక్రీటు ఒకటికి రెండు, నాలుగు పాళ్ళు, ముప్పావు అంగుళం కంకర. ఆ దిమ్మ బరువు 390 కిలోలు. సగం వెడల్పు 30 సెంటీమీటర్లు, కాబట్టి దాన్ని ఒరగదొయ్యాలంటే 117 కావాలి. మనం దొయ్యగలిగేది 50. చుట్టూ మట్టి చేసే సాయం లెక్కలో వెయ్యలేదు, అది లాభంలోకి.

ఎప్పటికీ తియ్యనక్కర్లేని చోటైతే 16 మిల్లీమీటర్ల జె బోల్టులు అడుగు పొడవువి కాంక్రీటులోనే పాతి, పైన ప్లేటు బిగించటం మేలు. పోసేటప్పుడు బోల్టులు అటూ ఇటూ వాలకుండా, ప్లేటు కొలతకే బెజ్జాలు వేసిన ప్లైవుడ్ చెక్కలో నిలబెట్టండి. నాకు మాత్రం స్కూటరు పెట్టుకోవాలి, మనవలు పరిగెత్తుతారు, మా ఆవిడ జాడీలతో వస్తుంది. నేలమీద బోల్టులు తలెత్తి ఉంటే కుదరదు. అందుకని మందపాటి చదరపు గొట్టానికి చుట్టూ ఇనప కడ్డీలు వెల్డు చేసి, దాన్ని కాంక్రీటులో నిలువుగా పాతాను. మూతి నేలకు సమంగా ఉంటుంది. స్టాండు కాలు కూడా చదరపు గొట్టమే, అందులోకి జారి దిగుతుంది. పని అయ్యాక స్టాండు లేపి గోడకు ఆన్చి, మూతికి రేకు మూత వేస్తాను. కాస్త ఆట ఉంటే పైన రెండు పక్కలా మేకులాంటి ఇనప చీలలు కొడితే గట్టిపడుతుంది. గొట్టం అడుగున గులకరాళ్ళు వేశాను, నీళ్ళు చేరితే ఇంకిపోవటానికి. వారం రోజులు తడి గోనెపట్టా కప్పాను, 28 రోజుల దాకా లివరు ముట్టుకోలేదు. ఫౌజీకి ఆగటం ఎంత కష్టమో మీకు తెలుసు.

ఫ్లాట్లలో, క్వార్టర్లలో ఉండేవాళ్ళు ఇవేవీ చెయ్యొద్దు. పైఅంతస్తు శ్లాబులో బోల్టులు కొట్టి గుంజొద్దు. మీకు హైడ్రాలిక్ రకమే నయం. జాకీ ఎంత నెట్టినా ఆ బలమంతా దాని ఫ్రేములోనే పుట్టి, ఫ్రేములోనే ఆగిపోతుంది, నేలకు పని లేదు. సన్న ట్యూబులకైతే ఇంకో ఉపాయం: పెద్ద ఇనప పలక మీదో, మందమైన ప్లైవుడ్ మీదో స్టాండు బిగించి, లాగేవాడు ఆ పలక మీదే నిలబడి లాగాలి. తాను నిలబడిన పలకనే తాను గుంజుతాడు కాబట్టి, తన కాళ్ళే దాన్ని అదిమి పెడతాయి. నడిచి తిరిగే చోటంతా పలక ఉండాలి, ఒక్క కాలు బయట పెట్టినా ఉపాయం చెడిపోతుంది.

చోటు కూడా చూసుకోండి. లివరు కొస పావు చుట్టు తిరిగితే దాదాపు రెండు మీటర్ల దారి నడుస్తుంది, ట్యూబు కొస కూడా తిరుగుతుంది. ఆ గీత లోపల రెండో మనిషి ఉండకూడదు. సుద్దముక్కతో నేలమీద గీసేస్తాను నేను.

వంచే పని త్వరగా చెప్పేస్తాను. ట్యూబుకు పొడవునా అతుకు గీత ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. అది పక్కకు ఉండాలి. వంపు బయటివైపు పెడితే చిరుగుతుంది, లోపలివైపు పెడితే ముడత పడుతుంది. ఉక్కు కొంచెం వెనక్కి వస్తుంది కాబట్టి తొంభై కావాలంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ వంచాలి. ఎంతో కచ్చితంగా ముందు తుక్కు ముక్క మీద చూసుకోవాలి. 100 వ్యాసార్థంతో తొంభై డిగ్రీల వంపు మింగే పొడవు 157 మిల్లీమీటర్లు, గీతలు దాన్నిబట్టి. పల్చటి ట్యూబైతే పొడి ఇసుక దట్టించి రెండు కొసలా చెక్క బిరడాలు కొట్టండి. ఇసుక తడిగా ఉంటే ఆ ట్యూబును వేడి చెయ్యకండి, ఆవిరి పుట్టి బిరడా తుపాకీ గుండులా వస్తుంది.

రెయిలు గోడకు బిగించేటప్పుడు మళ్ళీ అదే ప్రశ్న ఎదురైంది. ఉస్తాద్‌గారి ఇంట్లో మూల దగ్గరి గోడ నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. ఎనభై కిలోల మనిషి తూలి పట్టుకుంటే ఆ ఇటుకలో ప్లగ్గు నిలుస్తుందా? ఈసారి తన్ని చూడలేదు. గోడకు ఆరపార బెజ్జం వేసి, అవతలి పక్క ప్లేటు పెట్టి, బోల్టుతో బిగించాను. అవతలి పక్క వాళ్ళ దేవుడి గది. ప్లేటు కనబడకుండా వదినగారు వెంకటేశ్వరస్వామి క్యాలెండరు తగిలించారు.

రెయిలు ఎత్తు పుస్తకం చూసి పెట్టలేదు. ఉస్తాద్‌ను నిలబెట్టి, చెయ్యి ఎక్కడ హాయిగా ఆనుతుందో అక్కడ సుద్దతో గుర్తుపెట్టాను. మొత్తం పొడవు 4 మీటర్ల 30 సెంటీమీటర్లు, రెండు వంపులు. ఒక్క ట్యూబు అంత పొడవు షెడ్డులో తిరగదు కాబట్టి తిన్నటి చోట ఒక అతుకు వేసి, వెల్డింగు సాపుగా రుద్దాను. ఆయన మొదటిరోజు గది నుంచి బయల్దేరి, మొదటి మూల తిరిగి, రెండో మూల తిరిగి, బాత్‌రూము తలుపు దగ్గర ఆగారు. మేమందరం ఊపిరి బిగపట్టి చూస్తున్నాం. ఆయన మాట ఇప్పటికీ కొంచెం ముద్దగా వస్తుంది. "అతుకు ఎక్కడ వేశావు?" అన్నారు. చెప్పాను. వెనక్కి వచ్చి బొటనవేలితో తడిమి చూశారు. "ఊఁ" అన్నారు. ఇరవై ఏళ్ళ కిందట ఖడ్కీలో కూడా ఆయన దగ్గర నాకు దొరికిన పెద్ద సర్టిఫికెట్ ఆ 'ఊఁ' నే.

ఆ రెండు వంపుల్లో మొదటిది నేను పాత స్టాండు మీద లాగినదే. పారెయ్యాలనిపించలేదు. రెండోది కొత్త దిమ్మ మీద, మావాడు లాగాడు. అప్పటికి కట్టు విప్పి నెలయింది. నేను వద్దన్నాను. "నా వంపు సగంలో ఆగిపోయింది మామయ్యా" అన్నాడు. సగం వంగినదాన్ని మళ్ళీ వంచితే కుదరదని కొత్త ట్యూబు పెట్టాం. లాగే ముందు వాడు మూత తీసి, స్టాండు దింపి, చీలలు కొట్టి, మోకాళ్ళ మీద కూర్చుని దిమ్మకూ బండకూ మధ్య గీతను చూశాడు. వంపు సగమయ్యాక ఆగి మళ్ళీ చూశాడు. వాణ్ణి నేను తొందరపెట్టలేదు.

మరుసటి ఏడాది మళ్ళీ ప్రయత్నించాడు. రాతపరీక్ష పాసయ్యాడు, ర్యాలీకి వెళ్ళాడు, పరుగు పూర్తిచేశాడు. మెరిట్ లిస్టులో పేరు రాలేదు. పుల్-అప్‌ల దగ్గర తగ్గాయా, మణికట్టు వల్లనా అంటే కాదంటాడు. నేను అడగటం మానేశాను. ఇప్పుడు ఐ.టి.ఐ.లో ఫిట్టర్ ట్రేడు చేస్తున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు షెడ్డు తాళం చెవి ముందు వాడి చేతికే ఇస్తాను.

ఆ దిమ్మ మీద ఇప్పటికి మా వీధుల్లో మూడిళ్ళకు రెయిళ్ళు వంచాం. యాప్రాల్, సైనిక్‌పురి వైపు మనవాళ్ళ ఇళ్ళలో పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఎవరి అమ్మానాన్నలైనా అటువైపు ఉంటే, మూల దగ్గర చెయ్యి వదలాల్సి వస్తుంటే, కొలతలు తీసుకుని రండి. గోడ మందం కూడా కొలవండి, అవతలి పక్క ఏముందో చూసి రండి. ట్యూబు ఖర్చు మీది, వంపు మాది. ఆదివారమైతే మా ఆవిడ టీ కూడా ఉంటుంది.

పావుగంట అన్నారు, అరగంట దాటింది. కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. సెలవు. జై హింద్.